నీలి బ్యారెల్ కాక్టస్: ఒంటిమీది నీలం చెదరకుండా పెంచడం ఎలా

నీలి బ్యారెల్ కాక్టస్ చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని, దాని ఒంటిమీది రెండు నిలువు గట్ల మధ్య వేలు పెట్టి నిమరడం. వేలు తీసేసరికి అక్కడ ఒక ముద్ర పడి ఉంటుంది. చుట్టూ పొడిపొడిగా బూడిద కలిసిన నీలం, మధ్యలో వేలు మోపిన మేర మాత్రం నిగనిగలాడే మామూలు ఆకుపచ్చ. ఆ ముద్ర రేపటికి పోదు, వచ్చే ఏడాదికీ పోదు.

ఎందుకంటే ఆ నీలం మొక్క లోపలి రంగు కాదు. లోపల ఉన్నది అన్ని మొక్కల్లో ఉండే పచ్చదనమే. దాని మీద సన్నని మైనపు పొర ఉంటుంది. నల్లద్రాక్ష మీద బూడిద చల్లినట్టు కనిపించే పొర లాంటిదే ఇది. ఆ మైనం రేణువులు వెలుతురును చెదరగొట్టడం వల్ల కింది పచ్చదనం మన కంటికి నీలంగా తోస్తుంది. మొక్కకు ఇది అలంకారం కాదు. మండుటెండలో కొంత భాగాన్ని వెనక్కి తిప్పికొట్టేదీ, ఒంట్లోని నీరు ఆవిరైపోకుండా ఆపేదీ ఇదే. ముదిరిన భాగం మీద ఒకసారి చెరిగితే మళ్లీ సరిగా కట్టదు. కొత్త పొర కొత్త పెరుగుదలతోనే వస్తుంది, పెరుగుదల నడినెత్తిన మాత్రమే జరుగుతుంది. ఈ ఏడాది పడిన మచ్చ ఏళ్ల తరబడి మెల్లగా కిందికి దిగుతూ మీ కళ్లముందే ఉంటుంది.

కాబట్టి ఈ మొక్క విషయంలో ఎండ, నీళ్లు, మందు, కుండీ మార్పు, ఏ పని చేయబోయినా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: దీనివల్ల ఆ పొరకు ఏమవుతుంది?

ఏ మొక్క ఇది

శాస్త్రీయ నామం ఫెరోకాక్టస్ గ్లౌసెసెన్స్. స్విస్ వృక్షశాస్త్రజ్ఞుడు డి కాండోల్ 1828లో దీన్ని ఎకైనోకాక్టస్ ప్రజాతిలో చేర్చి వర్ణించాడు. అమెరికా శాస్త్రజ్ఞులు బ్రిటన్, రోజ్ 1922లో ఫెరోకాక్టస్ అనే కొత్త ప్రజాతిని ఏర్పరచి దీన్ని అందులోకి మార్చారు. లాటిన్‌లో 'ఫెరోక్స్' అంటే ఉగ్రమైనది. 'గ్లౌసెసెన్స్' అంటే నీలిబూడిద రంగుకు తిరుగుతున్నది. 'తిరుగుతున్నది' అన్న మాటను గట్టిగా పట్టుకోండి. గింజ నుంచి వచ్చిన పిల్లమొక్క పచ్చగానే ఉంటుంది. వయసు, ఎండ రెండూ కలిసినప్పుడే నీలం తేలుతుంది. చిన్న మొక్క పచ్చగా ఉందని వేరే రకం అంటగట్టారేమో అని కంగారుపడక్కర్లేదు.

పుట్టిల్లు మెక్సికో. ఇదాల్గో, కెరెతారో, సాన్ లూయిస్ పొతోసీ రాష్ట్రాల్లోని సున్నపురాయి కొండవాలుల మీద, రాళ్ల సందుల్లో పెరుగుతుంది. అక్కడివాళ్లు ఇలాంటి పీపా ఆకారపు కాక్టస్‌లన్నిటినీ 'బిస్నాగా' అంటారు. అక్కడ వానలు వేసవిలో పడతాయి, చలికాలం పొడిగా ఉంటుంది. ఇకముందు నీళ్ల గురించి చెప్పబోయేదంతా ఈ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంది.

ఎదిగిన మొక్క అర మీటరు దాకా వెడల్పు, ఇంచుమించు అంతే ఎత్తు అవుతుంది. ఒంటిచుట్టూ 11 నుంచి 15 దాకా నిలువు గట్లు. గట్టు అంచున వరసగా నూగు మచ్చలు ఉంటాయి, వీటిని ఏరియోల్ అంటారు. ముళ్లు, పూలు పుట్టేది వీటిలోనే. ఒక్కో ఏరియోల్ నుంచి ఆరేడు పసుపు ముళ్లు, సుమారు 3 సెంటీమీటర్ల పొడవున, కొక్కెం లేకుండా చక్కగా సాగి ఉంటాయి. బంగారు బ్యారెల్ కాక్టస్‌తో దీన్ని పొరబడేవాళ్లు ఉన్నారు. బంగారు రకానికి గట్లు చాలా ఎక్కువ, ముళ్లు ఒళ్లు కనిపించనంత దట్టం, ఒళ్లు పచ్చన. నీలి రకానికి ముళ్లు పలచన, గట్ల మధ్య ఒళ్లు విశాలంగా కనిపిస్తుంది. ముళ్లు లేని రకం కూడా దొరుకుతుంది. దాని ఏరియోల్స్‌లో నూగు తప్ప ఏమీ ఉండదు. పిల్లలు తిరిగే చోట అదే మంచి ఎంపిక, పెంపకంలో తేడా ఏమీ లేదు.

మొక్కను ఎంచుకునేటప్పుడు

కుండీని చేత్తో పట్టి మెల్లగా ఊపండి. మొక్క కుండీతో పాటు కదలాలి. కుండీ ఆగి మొక్క ఒక్కటే ఊగితే వేళ్లు లేనట్టే. తర్వాత పక్క నుంచి చూడండి. నడినెత్తి గుండ్రంగా, లేదా కాస్త లోపలికి నొక్కుకున్నట్టు ఉండాలి. పైకి మొనదేలి, ఆ మేర లేతపచ్చగా పాలిపోయి ఉంటే వెలుతురు చాలక సాగిపోయిందని అర్థం. తర్వాత ఎంత ఎండ ఇచ్చినా ఆ ఆకారం సర్దుకోదు.

అడుగున, మట్టికి దగ్గరగా గోధుమరంగులో బెరడు కట్టినట్టు ఉండటం తప్పు కాదు. వయసు మీద పడిన కాక్టస్‌లన్నిటికీ అలా అవుతుంది. పుల్లతో నొక్కి చూడండి, గట్టిగా ఎండినట్టు ఉంటే బెరడు, మెత్తగా దిగిపోతే కుళ్లు. ఏరియోల్స్ లోపల, గట్ల మధ్య లోతుల్లో దూది పింజల్లాంటి తెల్లని ముద్దలు ఉంటే పిండినల్లి పట్టింది, ఆ మొక్క వద్దు. నెత్తిమీద ఎండిన పువ్వులా గలగలలాడేది ఏదైనా ఉంటే జిగురుతో అతికించారేమో చూడండి. ఈ మొక్క పూలు పసుపు రంగులోనే ఉంటాయి. గులాబీ, ఊదా పువ్వు కనిపిస్తే అది అతికించిందే, దాన్ని పీకితే చర్మం లేచి వస్తుంది.

ఒంటినిండా వేలిముద్రలున్న మొక్కకూ, చెక్కుచెదరని మొక్కకూ ఆరోగ్యంలో పెద్ద తేడా ఉండకపోవచ్చు. అయినా రెండోదాన్నే తీసుకోండి, మొదటిది మీ దగ్గర బాగుపడదు. ఇంకో మాట. కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తం అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం కిందికి వస్తుంది. అడవి నుంచి తవ్వి తెచ్చిన మొక్క కాకుండా గింజ నుంచి పెంచినదాన్నే కొనండి. గింజ నుంచి పెరిగినది ఎటు చూసినా సమంగా, గాయాలు లేకుండా ఉంటుంది.

కుండీ, మట్టి

కుండీ వెడల్పు మొక్క ఒంటికన్నా అన్ని వైపులా 2 సెంటీమీటర్లు ఎక్కువైతే చాలు. 11 సెంటీమీటర్ల మొక్కకు 15 సెంటీమీటర్ల కుండీ. 'ఎలాగూ పెరుగుతుంది కదా' అని పెద్దది పెడితే వేళ్లు అందుకోలేని మట్టి రోజుల తరబడి తడిగా ఉండిపోతుంది, కుళ్లు అక్కడే మొదలవుతుంది. ఈ మొక్క వేళ్లు లోతుకు పోవు, పక్కలకు పాకుతాయి. అందుకే లోతు కుండీ అనవసరం. మెరుగు పూయని మట్టికుండీ తడిని గోడల గుండా కూడా వదులుతుంది కాబట్టి నీళ్లు చేయి జారి ఎక్కువ పోసేవాళ్లకు అది మేలు. బాగా వేడిగా, పొడిగా ఉండే చోట ప్లాస్టిక్ కుండీ అయినా ఇబ్బంది లేదు. అడుగున రంధ్రాలు మాత్రం తప్పనిసరి.

మట్టి మిశ్రమం, కొలత ఏదైనా ఒకే గిన్నెతో కొలుచుకుని 10 పాళ్లకు:

- 4 పాళ్లు ప్యూమిస్ (సన్న రంధ్రాలున్న తేలికైన అగ్నిపర్వత రాయి), 3 నుంచి 6 మిల్లీమీటర్ల సైజు
- 2 పాళ్లు ముతక ఇసుక, 2 నుంచి 4 మిల్లీమీటర్లది
- 3 పాళ్లు బాగా మాగిన, జల్లించిన కంపోస్టు లేదా ఆకుమట్టి
- 1 పాలు సున్నపురాయి చిప్స్

ప్యూమిస్ దొరక్కపోతే కడిగి ఆరబెట్టిన ఇటుక ముక్కలు వాడండి. పెర్లైట్ అనే తెల్లని ఖనిజపు గుళికలు కూడా పనికొస్తాయి కానీ మరీ తేలిక, నీళ్లు పోసినప్పుడల్లా పైకి తేలుతాయి. సన్న ఇసుక అసలు వద్దు. అది గాలి సందులను పూడ్చేసి మట్టిని సిమెంటులా బిగిస్తుంది. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, అదీ వద్దు. ఏది వాడినా ముందు జల్లెడ పట్టి పొడిని పారేయండి. మీ నీళ్లు చవ్వనీళ్లు, అంటే సున్నం ఎక్కువున్నవి అయితే సున్నపురాయి మానేసి ఆ పాలు కూడా ప్యూమిస్‌తో నింపండి. సరిపడా సున్నం నీళ్లతోనే అందుతుంది.

మిశ్రమం కుదిరిందో లేదో తెలియాలంటే గుప్పెడు తీసుకుని తడిపి గట్టిగా పిసికి చేయి తెరవండి. ముద్ద దానంతట అదే విడిపోవాలి. ముద్దగానే నిలిస్తే ఇంకో రెండు పాళ్లు ప్యూమిస్ కలపండి.

కుండీ అడుగున గులకరాళ్ల పొర వేస్తే నీళ్లు బాగా పోతాయన్నది అందరూ చెప్పే మాట. జరిగేది మాత్రం దానికి తిరగబడి ఉంటుంది. సన్న రేణువుల మట్టి నుంచి నీరు కింది పెద్ద రాళ్ల సందుల్లోకి వెంటనే దిగదు, మట్టి పూర్తిగా నానేదాకా రాళ్ల పైనే ఆగుతుంది. రాళ్లు వేసిన మేర తడి మట్టి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం మీద మట్టి జారకుండా చిన్న జాలీ ముక్క పెట్టండి, చాలు.

నాటడం, కుండీ మార్చడం

రెండు మూడేళ్లకోసారి, చలి తగ్గి పెరుగుదల మొదలయ్యే రోజుల్లో మార్చడం మంచిది. పూమొగ్గలున్నప్పుడు వద్దు.

1. పది రోజుల ముందు నుంచి నీళ్లు ఆపండి. ఎండిన మట్టి సులువుగా రాలుతుంది, వేళ్లు తక్కువ తెగుతాయి.

2. పాత దినపత్రికను నాలుగు మడతల పట్టీగా చేసి మొక్క నడుం చుట్టూ తిప్పి, రెండు కొసలనూ కలిపి పట్టుకోండి. పట్టీ ముళ్ల మీద ఆనుతుంది, ఒంటికి తగలదు. ఇక్కడ ముళ్లే ఆ మైనపు పొరకు కాపలా. తోలు చేతితొడుగులతో ఒంటిని పొదివి పట్టుకుంటే చేతులకు ఏమీ కాదు, నీలం మాత్రం పట్టుకున్నంత మేర పోతుంది. పెద్ద మొక్కకు కాగితం ఆగదు, పాత తువ్వాలును తాడులా మెలిపెట్టి అడుగున, బెరడు కట్టిన భాగం దగ్గర చుట్టండి.

3. కుండీని పక్కకు వాల్చి అంచును తట్టండి. మొక్కను లాగకండి. రాకపోతే అడుగు రంధ్రంలోంచి పెన్సిల్‌తో నెట్టండి.

4. పాత మట్టిని పుల్లతో మెల్లగా దులపండి. వేళ్ల మీద తెల్లని బూజులాంటి మచ్చలు కనిపిస్తే అది వేరు పిండినల్లి. అప్పుడు వేళ్లు మొత్తం నీళ్లతో కడిగి, పాత మట్టి పారేసి, కుండీని వేడినీళ్లతో కడగాలి. ఎండి, బోలుగా, చిటికెన వేలితో లాగినా ఊడివచ్చే వేళ్లను కత్తిరించేయండి.

5. మొక్కను నీడలో, గాలి ఆడే చోట వారం రోజులు ఊరికే ఉంచండి. తెగిన ప్రతి వేరు కొసా ఎండి మూతపడాలి. తొందరపడి ఈ వారం ఎగ్గొట్టినవాళ్ల మొక్కలే ఎక్కువగా కుళ్లుతాయి.

6. పొడి మిశ్రమంలో నాటండి. పాత కుండీలో మట్టి ఎంతవరకు ఉందో ఇప్పుడూ అంతవరకే ఉండాలి, మెడను, అంటే ఒళ్లు మట్టిని తాకే చోటును, పూడ్చకండి. పుల్లతో చుట్టూ పొడుస్తూ మట్టిని సర్దండి.

7. పైన 1 సెంటీమీటరు మందాన గులకరాళ్లు పరవండి. రాళ్లు అడుగుకు పనికిరావు గానీ పైన చాలా మేలు చేస్తాయి. నీళ్లు పోసినప్పుడు మట్టి చింది ఒంటికి అంటకుండా ఆపుతాయి, మెడ దగ్గర తొందరగా ఆరనిస్తాయి.

8. మరో వారం, పది రోజులు ఆగి మొదటి నీళ్లు పోయండి.

ఎండ

నీలం కావాలంటే ఎండ కావాలి. రోజుకు కనీసం ఐదారు గంటల సూటి ఎండ పడని చోట మొక్క బతుకుతుంది, కానీ పచ్చగా, పలచగా, ముళ్లు బలహీనంగా ఉంటుంది. గది లోపల కిటికీకి రెండు మీటర్ల దూరం ఈ మొక్కకు చీకటితో సమానం.

అయితే నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలోకి నెట్టకూడదు. దానికింకా మైనపు పొర దట్టంగా కట్టలేదు. మొదటి వారం ఉదయపు ఎండ రెండు గంటలు, రెండో వారం నాలుగు గంటలు, మూడో వారం 30 నుంచి 50 శాతం షేడ్ నెట్ కింద పగలంతా, ఆ తర్వాత పూర్తి ఎండ. ఒళ్లు మాడితే మొదట తెల్లగా పాలిపోయి, తర్వాత గోధుమరంగు పెచ్చు కడుతుంది. అది మానే గాయం కాదు.

కొనేటప్పుడు మొక్కకు ఎండ ఏ వైపు నుంచి తగిలేదో అడిగి కుండీకి ఆ వైపున గీత పెట్టుకోండి. ఇంట్లోనూ మొదట ఆ వైపే ఎండకు తిప్పండి. నీడ వైపు చర్మం లేతగా ఉంటుంది, హఠాత్తుగా తిప్పితే అదే మాడుతుంది. కొత్త చోటుకు అలవాటయ్యాక రెండు వారాలకోసారి కుండీని పావు వంతు తిప్పుతూ ఉంటే ఒక పక్కకు వాలకుండా పెరుగుతుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజుల్లో కుండీలో ఉన్న మొక్కకు మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా పలచటి నీడ ఇవ్వండి. కొండవాలున పెరిగే మొక్క వేళ్లు చల్లటి రాళ్ల కింద ఉంటాయి. నల్ల ప్లాస్టిక్ కుండీలో అవి ఉడికిపోతాయి.

నీళ్లు

ఈ మొక్క ఒళ్లే ఒక ట్యాంకు. గట్లు హార్మోనియం తిత్తి మడతల్లా పనిచేస్తాయి. నీరు తాగినప్పుడు మడతలు విచ్చుకుని ఒళ్లు ఉబ్బుతుంది, ఎండినప్పుడు మడతలు దగ్గరపడి లోతవుతాయి. చర్మం చిరగకుండా ఉండేది ఈ ఏర్పాటు వల్లే. గట్ల మధ్య లోయలు రోజురోజుకూ ఇరుకవుతున్నాయంటే దాహమని, నున్నగా విచ్చుకుని ఉన్నాయంటే ఇంకా నిలవ ఉందని తెలుసుకోవచ్చు.

పద్ధతి ఒకటే. పోసినప్పుడు అడుగు నుంచి కారేదాకా పోయాలి, మళ్లీ పోసేలోపు పూర్తిగా ఎండనివ్వాలి. రోజూ గ్లాసెడు చిలకరించడం వల్ల పైపొర తడుస్తుంది, కింది వేళ్లు ఎండి చస్తాయి. 15 సెంటీమీటర్ల కుండీకి ఒక విడతకు సుమారు 300 నుంచి 400 మిల్లీలీటర్లు పడుతుంది. వేడి రోజుల్లో వారం, పది రోజులకోసారి, ఒక మోస్తరు వాతావరణంలో రెండు వారాలకోసారి. ఈ రోజుల లెక్క అంచనాకే, అసలు లెక్క కుండీ చెబుతుంది. వెదురు పుల్లను అడుగుదాకా గుచ్చి పది నిమిషాలుంచి తీయండి. మట్టి అంటుకుని వస్తే, లేదా పుల్ల చెంపకు ఆనిస్తే చల్లగా తగిలితే ఆగండి. ఇంకా కచ్చితంగా కావాలంటే కుండీని తూచండి. నీళ్లు కారడం ఆగాక ఒక బరువు, పూర్తిగా ఎండాక ఒక బరువు. రెండూ కుండీ మీదే రాసుకుంటే ఇక అనుమానం ఉండదు.

రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగే కాలంలో నీళ్లు పూర్తిగా మానేయండి. చలికాలం కూడా వెచ్చగానే ఉండే చోట నాలుగు నుంచి ఆరు వారాలకోసారి మామూలులో సగం పోస్తే చాలు. ఆ కాలంలో ఒళ్లు కాస్త ముడుచుకుంటుంది. ముడుచుకోనివ్వండి, పూలకు ఆ విశ్రాంతి అవసరం.

ఇక పొర సంగతి. వేళ్లకు సున్నం పడుతుంది, ఒంటికి పడదు. చవ్వనీళ్లు పైనుంచి పోస్తే ప్రతి చుక్కా ఎండినచోట ఒక తెల్ల వలయం మిగులుతుంది. దాన్ని గుడ్డతో రుద్దితే వలయంతో పాటు నీలమూ పోతుంది. అందుకే సన్న మూతి కూజాతో రాళ్ల మీద, మొక్క చుట్టూ పోయండి. దుమ్ము పడితే వాననీటితో గానీ సున్నం లేని నీటితో గానీ సన్నటి జల్లుగా కడిగి, నెత్తిమీద గుంటలో నిలిచిన నీటిని కాగితపు కొసతో పీల్చేయండి. పొడిదుమ్మును గాలి బల్బుతో ఊదేయవచ్చు. బ్రష్ మాత్రం వద్దు.

వానలు రోజుల తరబడి పట్టే చోట మొక్క మీద పారదర్శకమైన రేకు వేసి, పక్కలు గాలికి వదిలేయండి. వానచుక్కలకు భయపడి కాదు, మట్టి వారాల పాటు ఆరకపోవడమే ప్రమాదం.

ఎరువు, చలి

ఎరువు తక్కువైతే మొక్క మెల్లగా పెరుగుతుంది, ఎక్కువైతే చెడుతుంది. నత్రజని తక్కువగా, పొటాష్ ఎక్కువగా ఉండే ద్రవ ఎరువును డబ్బా మీద చెప్పిన మోతాదులో సగానికి తగ్గించి, పెరిగే కాలంలో నెలకోసారి ఇవ్వండి. యూరియా, పచ్చి పేడ ఎప్పుడూ వేయకండి. ఒళ్లు గబగబా ఉబ్బి, గట్టు పక్కన నిలువుగా చిట్లుతుంది. చిట్లినచోట బెరడు కడుతుంది, నీలం రాదు.

మట్టి పొడిగా ఉంటే కొద్దిసేపటి మంచును కూడా ఇది ఓర్చుకుంటుంది. తడి, చలి రెండూ కలిస్తే మాత్రం ఓర్చుకోదు. 5 డిగ్రీల పైన ఉంచితే నిశ్చింత.

పూలు, గింజలు

ఒళ్లు సుమారు 15 సెంటీమీటర్ల వెడల్పుకు వచ్చాక, విశ్రాంతి కాలం సరిగా గడిస్తే, ఎండలు ముదిరే వేళకు నెత్తిమీది కొత్త ఏరియోల్స్‌లో మొగ్గలు వస్తాయి. పట్టులా మెరిసే నిమ్మపసుపు రేకులు, పువ్వు 3, 4 సెంటీమీటర్ల వెడల్పు, నెత్తి చుట్టూ కిరీటంలా వరస కడతాయి. నీలం మీద ఆ పసుపు చూడటానికే చాలామంది ఏళ్ల తరబడి ఆగుతారు. ఒక్కో పువ్వు కొన్ని రోజులు నిలుస్తుంది. మొగ్గలు కనిపించాక కుండీని తిప్పడం, చోటు మార్చడం ఆపేయండి, లేకపోతే మొగ్గలు మాడి రాలతాయి.

గింజలు కావాలంటే ఒకే సమయంలో పూసిన, వేర్వేరు గింజల నుంచి పుట్టిన రెండు మొక్కలు ఉండాలి. ఒకే మొక్క పుప్పొడితో సాధారణంగా కాయ నిలవదు. మెత్తని కుంచెతో మధ్యాహ్నం, పువ్వు బాగా విచ్చుకున్నప్పుడు పుప్పొడి అటూ ఇటూ మార్చండి. కాయ పండాక కోసి, లోపలి సన్నని నల్లటి గింజలను గుజ్జు పోయేదాకా కడిగి ఆరబెట్టండి.

విత్తడానికి జల్లించిన ప్యూమిస్, కంపోస్టు సమపాళ్లలో కలిపి, మరిగే నీళ్లు పోసి చల్లార్చండి. గింజలను పైన చల్లండి, పూడ్చకండి. పారదర్శకమైన మూత పెట్టి, సూటి ఎండ పడని వెలుతురులో 25 నుంచి 30 డిగ్రీల వేడిలో ఉంచితే ఒకటి రెండు వారాల్లో పచ్చటి పూసల్లాంటి మొలకలు వస్తాయి. ఆరు వారాలు దాటాక మూతను రోజుకు కొంచెం చొప్పున తెరుస్తూ పోండి. మొలకలు మొదలు దగ్గర గాజులా పారదర్శకమై పడిపోతుంటే అది నారుకుళ్లు. వాటిని చుట్టూ ఉన్న మట్టితో సహా చెంచాతో తీసి పారేసి, మూత తెరిచి గాలి తగలనివ్వండి. మొదటి ఏడాది చివరికి బఠాణీ గింజంత అయితే బాగా పెరిగినట్టే.

పురుగులు, తెగుళ్లు

ముందుగా పురుగు కానిదాన్ని గుర్తుపట్టండి. ఫెరోకాక్టస్ జాతుల్లో ఏరియోల్ దగ్గరి చిన్న గ్రంథులు తేనెలాంటి చుక్కలు ఊరుస్తాయి. సహజంగా పెరిగే చోట ఆ తేనె కోసం వచ్చే చీమలు మొక్కను తినే పురుగులను తరిమేస్తాయి. కుండీలో ఆ చుక్కల మీద నల్లని మసి తెగులు పడుతుంది. ఒంటికి హాని లేదు గానీ పసుపు ముళ్ల మొదళ్లు నల్లబడి మొక్క మురికిగా కనిపిస్తుంది. తేనె ఊరే రోజుల్లో వారానికోసారి సున్నం లేని నీటి జల్లుతో కడిగితే మసి పట్టదు. చీమలు బారులు తీరి కుండీ అడుగుకు పోతుంటే మాత్రం వేళ్లలో పిండినల్లి ఉందేమో చూడండి.

పిండినల్లికి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లను పురుగు మీద మాత్రమే ఆనించండి. చుట్టూ తుడిస్తే మైనం కరుగుతుంది. ఐదు రోజులకోసారి, మూడు నాలుగు విడతలు చేస్తేనే గుడ్ల నుంచి వచ్చే పిల్లలు కూడా పోతాయి.

చాలా మొక్కలకు మేలు చేసే వేపనూనె, సబ్బునీళ్లు ఈ మొక్కకు వద్దు. నూనె తగిలిన చోట మైనపు పొర కరిగి ఒళ్లు నల్లపచ్చగా నిగనిగలాడుతుంది. పురుగు చస్తుంది, మొక్క బతుకుతుంది, నీలం మాత్రం పిచికారీ పడినంత మేర పోతుంది. పురుగు బాగా ముదిరితే, మట్టిలో పోసి వేళ్ల ద్వారా ఎక్కించే మందు వాడండి.

ఎర్రనల్లి కంటికి సరిగా ఆనదు. నెత్తిమీది లేతభాగం తుప్పు పట్టినట్టు బూడిద గోధుమరంగుకు మారడం దాని గుర్తు. గాలి ఆడని, పొడి వేడి చోట వస్తుంది. నల్లికి పనిచేసే మందు, అదీ నూనె లేనిది, వాడి మొక్కను గాలి తగిలే చోటికి మార్చండి.

కుళ్లు

మట్టికి ఆనుకున్న చోట రంగు మారి మెత్తబడటం, మొక్క ఒక పక్కకు ఒరగడం, దాహం తీర్చినా గట్లు విచ్చుకోకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే కుండీలోంచి తీయండి. మెత్తబడిన భాగాన్ని స్పిరిట్‌తో తుడిచిన కత్తితో అడ్డంగా కోయండి. కోసిన ముఖం మధ్యలో ఒక వలయం కనిపిస్తుంది. అది తెల్లగా, లేతపచ్చగా ఉండాలి. ఒక్క గోధుమ లేదా నారింజ చుక్క ఉన్నా కత్తిని మళ్లీ తుడిచి, ఇంకో సెంటీమీటరు పైకి కోయండి. శుభ్రమైన ముఖం వచ్చేదాకా ఆగకూడదు. ఆ తర్వాత కోసిన ముఖం పైకి ఉండేలా వెడల్పాటి గిన్నె అంచు మీద ముళ్లు ఆనేట్టు ఉంచి, నీడలో మూడు నాలుగు వారాలు ఎండనివ్వండి. ముఖం గట్టిగా, తోలులా అయ్యాక పొడి ప్యూమిస్ మీద కూర్చోబెట్టండి. వేళ్లు రావడానికి నెలలు పట్టవచ్చు. ఇలా చేసినా బ్యారెల్ కాక్టస్‌లలో అన్నీ దక్కవు. కుళ్లు నెత్తిదాకా పాకితే చేయగలిగిందేమీ లేదు, దాని మట్టిని వేరే మొక్కకు వాడకండి.

చూడటం

నీలం బాగా తెలిసేది నడి ఎండలో కాదు. ఉదయం, సాయంత్రం ఏటవాలు వెలుతురులో, లేదా మబ్బు పట్టిన రోజున. ఎర్రమట్టి కుండీ, బూడిదరంగు రాళ్లు ఆ నీలాన్ని ఎత్తి చూపిస్తాయి. రంగు పూసిన మెరుపు రాళ్లు దాన్ని మింగేస్తాయి. ఫోటో తీయాలంటే మబ్బు వెలుతురులో తీయండి, ఫ్లాష్ వేస్తే మైనం తెల్లగా వెలిసిపోతుంది.

దగ్గరగా వంగి ఒక గట్టు అంచును పైనుంచి కిందికి చూడండి. నెత్తి దగ్గర ఏరియోల్స్ లేత పసుపు నూగుతో మెత్తగా ఉంటాయి, ముళ్లు తేనె రంగులో. కిందికి వచ్చేకొద్దీ నూగు బూడిదరంగుకు తిరిగి, ఎదిగిన మొక్కలో ఒక ఏరియోల్ ఇంకోదాన్ని తాకి గట్టు పొడవునా జరీ అంచులా ఒకే పట్టీ అవుతుంది. అట్టడుగున ముళ్లు కళతప్పి బూడిదగా ఉంటాయి. వాటి మీద ఒక నీటిచుక్క వేయండి, తడి ఆరేదాకా పాత పసుపు తిరిగి వస్తుంది.

తర్వాత నెత్తిని సూటిగా పైనుంచి చూస్తూ గట్లు లెక్కపెట్టండి. మొక్క లావెక్కేకొద్దీ ఉన్న గట్లు చాలక రెంటి మధ్య కొత్తది పుడుతుంది. మొదట నెత్తి దగ్గర ఒక గట్టు అంచు కాస్త వంకరపోయినట్టు, పక్కన చిన్న మడత పడినట్టు కనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ మడత తన ముళ్ల వరస తాను మోస్తూ కిందికి దిగుతుంది. అది మొదట కనబడిన తేదీని కుండీ లేబుల్ వెనక రాసి పెట్టుకోండి.